డ్రయ్యర్ దగ్గరి పెద్దాయన చేత పని నేర్పించేదెలా?

ప్రశ్న (మిర్యాలగూడ):
మాది ఉప్పుడు బియ్యం మిల్లు. నేను సూపర్‌వైజర్‌ని. డ్రయ్యర్ చూసే పెద్దాయన గింజ కొరికి, తేమ 14 శాతానికి దిగిందో లేదో చెప్పేస్తారు. మీటరు పెట్టినా దాదాపు అంతే వస్తుంది. కుర్రాళ్లకు మాత్రం నేర్పరు. బోనస్ ఇస్తామన్నా కదలడం లేదు.

జవాబు (నల్లగొండ):
ఇది డబ్బుతో తేలదండీ. నేర్పితే తన అవసరం తీరిపోతుందని ఆయన భయం. న్యాయమైన భయమే! ఉద్యోగానికి ఢోకా లేదని ముందు యజమాని చేత కాగితం మీద రాయించండి. ఆయన్ను మాత్రం రాసిమ్మని అడగకండి. పళ్ల కింద గింజ పుటుక్కున విరగడానికీ, మెత్తగా నలగడానికీ ఉన్న తేడా రాతకు అందదు. ఇద్దరు కుర్రాళ్లను సీజనంతా ఆయన షిఫ్టులోనే వేయండి. ముందు వాళ్లు కొరికి చెప్పాలి, తర్వాత ఆయన, చివరికి మీటరు. తప్పు చెప్పినవాణ్ని ఎవరూ కసరకూడదు. ఒక తయారీ సంస్థలో 51 బృందాలను పరిశీలించి 1999లో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ చెప్పింది ఇదే: మాట పడతామన్న భయం లేని చోటే మనుషులు అడుగుతారు, నేర్చుకుంటారు.

జవాబు (పుట్టపాక):
మా నేతగాళ్ల దగ్గర చిటికి కట్టడం, అంటే రంగు వేసే ముందు నూలుకు ముడులు కట్టడం, ఇంట్లో పిల్లలకు అడగకుండానే నేర్పుతారు, పని ఇంట్లోనే ఉంటుంది కనుక. మిల్లులో ఆ బంధం లేదు. కనీసం పేరైనా దక్కనివ్వండి. పని వచ్చిన కుర్రాణ్ని అందరి ముందూ ఆయన శిష్యుడనే పరిచయం చేయండి.

ప్రశ్న అడిగినవారు:
కాగితం మాట యజమానికి రుచించకపోవచ్చు. అయినా వానాకాలం ధాన్యం దిగకముందే అడుగుతాను.