విశాఖ – అరకు – పాడేరు – లంబసింగి: 150 సీసీ బండిపై ఇద్దరం వెళ్లదగిన దారేనా?

ప్రశ్న – కొత్తబండి

నమస్కారం. మేము విశాఖపట్నంలో ఉంటాము. అరకు లోయలో వలిసె పూలు విరగబూసే నవంబరులో నేనూ, నా భార్యా మా 150 సీసీ బండిపై శృంగవరపుకోట మీదుగా అరకు చేరి, హుకుంపేట, పాడేరు, చింతపల్లి దాటి లంబసింగి చూసుకుని, నర్సీపట్నం వైపు దిగి ఇంటికి రావాలనుకుంటున్నాము. లెక్క వేస్తే 330 కిలోమీటర్లకు అటూ ఇటూగా తేలుతోంది. జాతీయ రహదారిపై అంత దూరం ఒక్క రోజులో నడిపిన అలవాటు ఉంది కానీ, ఘాట్ రోడ్డు విషయంలో నా అనుభవం సింహాచలం కొండతోనే సరి. ఒక్క రోజులో ముగించవచ్చునా? లేక ఇదే దారిని తిరగేసి, అర్ధరాత్రి బయలుదేరి, తెల్లవారేసరికి లంబసింగి మంచులో ఉండటం మేలా? ఇద్దరి బరువుతో బండి ఎక్కలేక మొరాయిస్తుందేమోనన్నదే నా బెంగ.

సమాధానం – గాలికొండ

మీ బెంగ ఎక్కడం గురించి. బెంగ పడవలసింది దిగడం గురించి. బౌడార దాటాక మొదలయ్యే ఎత్తును ఏ 150 సీసీ బండి అయినా రెండో గేరులోనో, మూడో గేరులోనో తాపీగా ఎక్కేస్తుంది. అనంతగిరి కాఫీ తోటల దగ్గర పది నిమిషాలు ఆగితే ఇంజిన్‌తో పాటు నడుము కూడా చల్లబడుతుంది.

నాకు బుద్ధి వచ్చింది లంబసింగి నుంచి నర్సీపట్నం దారిలో డౌనూరు వైపు దిగుతున్నప్పుడు. వెనుక తమ్ముడు కూర్చున్నాడు, ఇద్దరి సామానూ ఉంది, నేనేమో పై గేరులో బండిని వదిలేసి, వెనుక బ్రేకుపై పాదం తీయకుండా వస్తున్నాను. కొంత దూరం దిగాక మాడిన వాసన వచ్చింది, అది ముందు పోతున్న లారీదే అనుకున్నాను. తరువాతి మలుపులో పాదం వేస్తే పెడల్ మెత్తగా, నీళ్ల సంచి తొక్కినట్లు కిందికంటా దిగిపోయింది. ముందు బ్రేకు నెమ్మదిగా బిగిస్తూ, గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, కొండవైపు కాలువ అంచున ఉన్న మట్టిలోకి బండిని పోనిచ్చి ఆపగలిగాను. రెండేళ్లుగా బ్రేక్ ఆయిల్ మార్చలేదు. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుందనీ, ఆ బుడగలు నలుగుతాయే తప్ప ఒత్తిడిని చక్రం దాకా చేరనివ్వవనీ తరువాత మెకానిక్ చెప్పాడు. అరగంట ఆగితే బ్రేకు తిరిగి వచ్చింది. నా కాళ్ల వణుకు మాత్రం నర్సీపట్నం వరకూ తగ్గలేదు.

కనుక బయలుదేరే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేవారిని చూసి మీరు మాత్రం ఆ పని చేయకండి.

సమాధానం – మంచుపొద్దు

గాలికొండ గారు చెప్పింది నిజమే కానీ, తిరగేసి వెళ్లడమే నాకు నచ్చుతుంది. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలిలో ఆరుబయట ఉన్నవాడు కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ చలి, ఆ మంచు ఎండెక్కితే ఉండవు, పది గంటలకు చేరేవారికి మిగిలేది మామూలు ఊరే. మంచులో హెడ్‌లైటు లో బీమ్‌లోనే ఉంచాలి, హై బీమ్ వేస్తే ఎదుట తెల్లగోడ తప్ప ఇంకేమీ కనబడదు. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టకుండా కాస్త తెరిచి ఉంచండి. చొక్కాకూ జాకెట్‌కూ మధ్య దినపత్రిక పెట్టుకుంటే ఛాతీకి చలిగాలి తగలదు.

సమాధానం – పాత బుల్లెట్

మంచుపొద్దు గారి సరదాను కాదనను, కానీ ఘాట్ రోడ్డు కొత్త అని చెప్పుకున్న మనిషిని, భార్యను వెనుక కూర్చోబెట్టుకుని, నిద్ర లేకుండా, చీకట్లో, మంచులో ఎక్కమనడం సబబు కాదు. పైగా తిరగేస్తే అనంతగిరి ఘాట్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. సెలవు రోజైతే అరకు నుంచి తిరిగి వచ్చే బస్సులూ కార్లూ అన్నీ మీ వెనుకే ఉంటాయి. మీరు మొదట అనుకున్న దారిలో ఒక్క రోజులో వెళ్లినా చిక్కే: అలసిపోయిన సాయంత్రం వేళ డౌనూరు ఘాట్ దిగవలసి వస్తుంది. రెండు రోజులు పెట్టుకుని, రెండో రోజు ఉదయం ఒంట్లో ఓపిక ఉండగా దిగండి.

హెయిర్‌పిన్ మలుపుల్లో బస్సు రోడ్డంతా తీసుకుంటుంది, అది డ్రైవరు తప్పు కాదు, బండి పొడవు అటువంటిది. పైకి వచ్చే బస్సు కనబడితే మలుపుకు ముందే ఎడమకు ఆగి దారి ఇవ్వండి. ఇరుకు దారిలో ఎక్కే బండికే ముందు దారి అన్నది నిబంధన కూడా. మలుపులో చూపు చక్రం ముందున్న గుంటపై కాక, మీరు బయటపడవలసిన చోటుపై ఉండాలి. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో రాలిన ఆకుల కింద రోడ్డు పొద్దెక్కినా తడిగానే ఉంటుంది, అక్కడ బ్రేకు ముట్టుకోకండి. వెనుక కూర్చున్నవారు మలుపుకు ఎదురు వంగకుండా, మీ భుజం మీదుగా మలుపు లోపలికి చూస్తే చాలు.

ఒక్క మాట, దారితో సంబంధం ఉన్నదే. చింతపల్లి ఉన్న గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకు గిరిజనులను తక్కువ కూలికి నిర్బంధించి వాడుకోవడం 1922 నాటి మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. మీరు ఆ ఊరు మీదుగానే వెళ్తారు, టీ తాగడానికైనా ఆగండి.

కొత్తబండి

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో చదివి వినిపించాను. రాత్రి లంబసింగిలోనే గుడారంలో ఉందామనీ, అప్పుడు చీకట్లో ఎక్కకుండానే మంచు చూడవచ్చుననీ, మంచు విడిపోయాకే దిగుదామనీ మా ఆవిడ తేల్చేసింది. మొదటి రోజు అరకులో ఎక్కువసేపు ఆగకుండా, చీకటి పడేలోపు అక్కడికి చేరాలంటే ఎన్నింటికి బయలుదేరాలి?

పాత బుల్లెట్

ఐదింటికి. వలిసె తోటల దగ్గర ఫొటోలు దిగే పని ఉంటే నాలుగింటికి.