సగం బరువు మోపమన్నారు, మావారు పాదమే కింద పెట్టడం లేదు

మావారి బండి జారి ఎడమ మోకాలి కింది పెద్ద ఎముక విరిగింది. లోపల రాడ్ వేసి పైనా కిందా స్క్రూలు బిగించారు. ఇవాళ్టికి 9 వారాలు. 6వ వారం ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "సగం బరువు మోపుతూ నడవండి" అన్నారు. ఈయన మోపితేగా! వాకర్ మీద రెండు చేతులా వేలాడుతూ, ఎడమ కాలు కొంగలా పైకి ముడుచుకుని బాత్రూమ్ దాకా గెంతుకుంటూ వెళ్తారు. కాసేపు కాలు కిందికి వేలాడేస్తే పాదం ఊదారంగుకి తిరుగుతోంది. అది చూసి ఇంకా బెదిరిపోయారు.

మొన్న రాత్రి మంచినీళ్ళ దగ్గర పెద్ద గొడవ. నన్ను లేపకుండా తనే లేవబోతుంటే పడిపోతారని అరిచాను. "నేనేమన్నా పసిపిల్లాడినా?" అన్నారు. సరేనని అటు తిరిగి పడుకున్నా. అరగంట పోయాక మెల్లిగా, "కాసిని నీళ్ళిస్తావా" అని ఆయనే. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈ 9 వారాల్లో ఒక్క రాత్రి కూడా తెల్లవార్లూ నిద్రపోలేదు నేను. బలవంతపెట్టి నడిపించనా, ఆయన మానాన ఆయన్ని వదిలెయ్యనా?

జవాబు: చంకకర్ర

నాకూ అదే ఎముక, అదే రాడ్. అడుగు వేస్తే లోపల టక్కున విరుగుతుందేమో అన్న భయం ఎంతకీ వదలదండీ. పైగా "సగం బరువు" అంటే ఎంతో కాలికెలా తెలుస్తుంది? మా ఆవిడ బరువు చూసే మిషన్ తెచ్చి నా ముందు పెట్టింది. పక్కనే అంతే ఎత్తున పుస్తకాలు పేర్చి, బాగున్న కాలు వాటి మీద. వాకర్ గట్టిగా పట్టుకుని దెబ్బ తగిలిన కాలితో మిషన్‌ని మెల్లిగా నొక్కాలి. నా బరువు 72, అంటే 36 దాకా మోపొచ్చు. మొదటి రోజు ముల్లు 8 దాటలేదు, చెమటలు మాత్రం పట్టాయి. 20కి రావడానికి వారం పట్టింది. ఆ వారంలో "నడువు" అన్న మాట ఆవిడ నోట రాలేదు. ముల్లు చూసి అంకె చదివేది, అంతే.

జవాబు: ఫిజియో అక్క

మిషన్ మంచిదే. దానికంటే ముందు ఒకటి చూడమ్మా. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి కిందకి నిట్టనిలువుగా పాదం పెట్టమను. మడమ నేలకి ఆనుతోందా? ఇన్ని వారాలు కాలు ముడుచుకునే ఉంటే పిక్క, చీలమండ బిగుసుకుపోతాయి. అప్పుడు వేళ్ళే ఆనతాయి, మడమ ఆనదు. మనం భయమనుకుంటాం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇది చాలామందిలో చూస్తుంటాను.

పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెడుతున్నావా? తీసెయ్. హాయిగా ఉంటుంది గానీ మోకాలు ఆ వంపులోనే ఉండిపోతుంది. మడమ కింద పెట్టు. కాలు చాపి, పాదానికి తువ్వాలు చుట్టి రెండు కొసలూ తనవైపు లాక్కోమను. 30 సెకన్లు పట్టి వదలాలి. ఆయనే లాక్కోవాలి, నువ్వు కాదు.

రంగు మారడం ఈ దశలో మామూలే, కాలు ఎత్తులో పెడితే తగ్గిపోతుంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి వేడిగా, నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

జవాబు: రెండో డ్యూటీ

మా ఇంట్లో కాలు విరిగింది మా ఆవిడకి. మీ నీళ్ళ గొడవ మా ఇంట్లో టీవీ రిమోట్ దగ్గర జరిగింది. వాకర్ పట్టుకున్న మనిషికి రెండు చేతులూ ఖాళీ ఉండవు, గ్లాసు ఎలా తెచ్చుకుంటాడండీ? వాకర్ ముందు ఒక గుడ్డసంచి కట్టండి. అందులో మూత గట్టిగా బిగిసే సీసా, ఫోను, మందులు. బరువు ఎక్కువైతే వాకర్ ముందుకి తూలుతుంది, చిన్న సీసా చాలు. ఇంకోటి, వారంలో ఒక రాత్రి ఎవరినైనా ఆయన దగ్గర పడుకోమని అడగండి. నేను మొహమాటపడి అడగలేదు. చివరికి నాకే జ్వరమొచ్చి ఇద్దరం మంచమెక్కాం.

ప్రశ్న అడిగినవారు, 5 రోజుల తర్వాత

అక్కా, మడమ నేలకి రెండు వేళ్ళ ఎత్తులో ఆగిపోయింది! ఆయనకి ముందే తెలుసట. "చెప్తే నువ్వు మళ్ళీ ఆపరేషనేమోనని కంగారు పడతావని" అన్నారు. నేనేమో ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నా. నిన్న డాక్టరుగారికి చూపించాం. ఎముక బాగానే అతుకుతోంది, కీలే బిగిసిందని చెప్పి ఫిజియోథెరపీ రాశారు. దిండు తీసేసినందుకు రెండు రాత్రులు సణిగారు, పట్టించుకోలేదు.

సంచి కట్టాను. మా తమ్ముడు శనివారం రాత్రి వచ్చి పడుకుంటానన్నాడు. మిషన్ మీద మొన్న 6, ఇవాళ 11. ఇవాళ నేను వంగి చూడలేదు, వంటింట్లో ఉన్నా. "పదకొండూ!" అని ఆయనే గదిలోంచి కేకేశారు.