పాలిమర్ సైన్స్ తలకెక్కడం లేదు, టెక్స్‌టైల్ విద్యార్థులు ఎలా చదవాలి?

ప్రశ్న (టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని):

అందరికీ నమస్కారం. వడుకు, నేత, అద్దకం బాగానే అర్థమవుతున్నాయి. పాలిమర్ సైన్స్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల శాస్త్రం, దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేయాలనిపిస్తోంది. తరగతిలో సమీకరణాలు బోర్డు మీద రాస్తూ పోతారు, మేము దించుకుంటూ పోతాం. మొదటి మిడ్‌లో 25కి 9 వచ్చాయి. సంఖ్యా సగటు అణుభారం, గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (గట్టిగా ఉన్న పాలిమర్ మెత్తబడటం మొదలయ్యే వేడి) లాంటివాటికి గుడ్డతో ఏం సంబంధమో తెలియడం లేదు.

ఇంకో సందేహం. పాలిస్టర్ గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత 70–80 డిగ్రీలని పుస్తకంలో ఉంది. అలాగైతే మరిగే నీళ్లలోనే రంగు ఎక్కాలి కదా? ల్యాబ్‌లో 130 డిగ్రీలు ఎందుకు పెట్టించారు?

జవాబు (పాలిస్టర్ ఫిలమెంట్ ప్లాంటులో పనిచేసే సభ్యుడు):

మార్కుల సంగతి అలా ఉంచమ్మా, నాకు ఈ సబ్జెక్టు ఉద్యోగంలో చేరాకే అర్థమైంది. రసాయన చర్యలన్నీ కంఠతా పట్టడం మాని, రెండు లెక్కలు కాగితం మీద చేసి చూడు.

మొదటిది కారొథర్స్ లెక్క. డ్యుపాంట్‌లో 1935లో నైలాన్ తయారుచేసినాయనే ఈ కారొథర్స్. చర్య ఎంత భాగం పూర్తయిందో దాన్ని 1లోంచి తీసేసి, మిగిలినదానితో 1ని భాగిస్తే గొలుసు సగటు పొడవు వస్తుంది. 95 శాతం పూర్తయితే 20 యూనిట్లు (గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు), అంతే. పరీక్షలో 95 వస్తే మిఠాయిలు పంచుతాం. రియాక్టర్‌లో 95 దగ్గరే ఆగితే ఆ సరుకు పోగు తీయడానికి పనికిరాదు. 98కి 50, 99కి 100. బట్టల పాలిస్టర్‌కు ఆ 100 దరిదాపుల్లో ఉండాలి. ఆ చివరి కొద్ది శాతం కోసమే 280 డిగ్రీల దగ్గర వాక్యూమ్ పెట్టి, చర్యలో బయటపడే గ్లైకాల్‌ను లాగేస్తూ ఉంటాం. ఒక్కో యూనిట్ భారం 192, కాబట్టి 100 యూనిట్ల గొలుసు సుమారు 19,200. నిన్ను భయపెడుతున్న సంఖ్యా సగటు అణుభారం ఇదే.

రెండోది నువ్వే చేసి ఇక్కడ పెట్టు. సగటు అణుభారం 20,000 అనుకో. కిలో చిప్స్‌లో (కరిగించి పోగు తీసే పాలిస్టర్ గింజలు) ఒక గ్రాము నీరు, అంటే 0.1 శాతం, ఉండిపోయింది. కరిగించినప్పుడు ఒక్కో నీటి అణువు గొలుసులో యూనిట్లను కలిపే ఒక్కో ఎస్టర్ బంధాన్ని తెంచుతుంది. నీరంతా అలా ఖర్చయితే చివరికి అణుభారం ఎంత మిగులుతుంది?

జవాబు (అద్దకం యూనిట్‌లో పనిచేసే సభ్యురాలు):

సర్, లెక్కలతో మొదలుపెట్టమంటే పిల్లలు పారిపోతారు. నేనైతే పాలిథిన్ సంచితో మొదలుపెట్టమంటాను. పలచటి సంచి నుంచి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి మెల్లగా లాగు. ఒకచోట నడుము సన్నబడి, ఆ సన్నదనం రెండు వైపులా పాకుతుంది. ఆ తర్వాత గట్టిపడి ఇక సాగనంటుంది. చిక్కుపడి ఉన్న గొలుసులు లాగిన దిక్కుకు తిరిగి వరుసకట్టాయన్నమాట. పుస్తకంలో డ్రాయింగ్, ఓరియెంటేషన్ అని పది పేజీలు ఉంటుందే, అది నీ చేతిలో జరిగింది.

ఇక 130 డిగ్రీల సంగతి. నీ అనుమానం మంచిదే, పుస్తకంలోని అంకె కూడా తప్పు కాదు. కానీ అది ఇంకా స్ఫటికం కట్టని, లాగని పాలిస్టర్‌కు చెప్పిన అంకె. పోగును లాగి, వేడితో సెట్ చేశాక స్ఫటికాలు ఏర్పడి, మధ్యనున్న వదులు గొలుసులను మేకులు కొట్టినట్టు బిగిస్తాయి. కాబట్టి అవి కదలడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. గొలుసులు కదిలి సందు ఇస్తే తప్ప డిస్పర్స్ రంగు (పాలిస్టర్‌కు వాడే రకం) అణువు లోపలికి దూరలేదు. 100 దగ్గర బొత్తిగా ఎక్కదని కాదు, లేత రంగులు కొంత ఎక్కుతాయి. ముదురు నీలం, నలుపు కావాలంటే మాత్రం షిఫ్టు గడిచిపోతుంది. ప్రెషర్ మెషీన్‌లో 130 పెడితే గంటలోపే పని అవుతుంది.

నైలాన్‌ను మరిగే నీళ్లలోనే ఎందుకు అద్దుతామో ఆలోచించు. నైలాన్ తేమ పట్టు 4 శాతం, పాలిస్టర్‌ది 0.4. నీరు నైలాన్ గొలుసుల మధ్యకు దూరి వాటిని వదులు చేస్తుంది. పాలిస్టర్ ఆ అవకాశం ఇవ్వదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

పాలిథిన్ పట్టీ లాగాను మేడం. లాగిన తర్వాత పొడవునా సులువుగా చీలిపోతోంది, అడ్డంగా మాత్రం తెగడం లేదు!

సర్, మీ లెక్క కూడా చేశాను. కిలో చిప్స్‌లో గొలుసులు 0.05 మోల్. గ్రాము నీరు 0.0556 మోల్. ఒక్కో కోత ఒక గొలుసును రెండు చేస్తుంది కాబట్టి మొత్తం 0.1056 మోల్. 1000ని దానితో భాగిస్తే సుమారు 9,500. ఒక్క గ్రాము నీటికే సగం కంటే తగ్గిపోయింది, ఎక్కడైనా పొరపాటు చేశానా?

జవాబు (ఫిలమెంట్ ప్లాంటు సభ్యుడు):

పొరపాటేమీ లేదు. ఆ సరుకుతో పోగు తీస్తే దారం మాటిమాటికీ తెగుతుంది, సూపర్‌వైజర్ తిట్లు అదనం. గాలిలో వదిలేసిన చిప్స్ అంతకంటే ఎక్కువ తేమే పట్టవచ్చు. అందుకే ఆరబెట్టి 50 పీపీఎం కంటే కిందికి, అంటే కిలోకు 0.05 గ్రాము లోపుకు దించుతాం. అదే లెక్క మళ్లీ వేస్తే దాదాపు 18,950 వస్తుంది, ఇబ్బంది లేదు.

ఆరబెట్టడంలోనూ ఒక మెలిక ఉంది, మీ పరీక్షలో అడగదగినది. పారదర్శకంగా మెరిసే కొత్త చిప్స్‌ను నేరుగా 160–170 డిగ్రీల డ్రయ్యర్‌లో పోస్తే జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుని పెద్ద ముద్ద అవుతుంది. అవి ఇంకా స్ఫటికం కట్టలేదు, గ్లాస్ ట్రాన్సిషన్ దాటగానే పైపొర మెత్తబడుతుంది. కాబట్టి ముందు కలియబెడుతూ వేడిచేసి, పాలలా తెల్లబడేదాకా స్ఫటికం కట్టనిచ్చి, ఆ తర్వాతే ఆరబెట్టాలి. ల్యాబ్‌లో చిప్స్ ఉంటే రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూడు, తేడా కంటికే కనిపిస్తుంది.