సమస్య: “కూపకమ్ము గాలికూగసాగె”

హన్మకొండ నుంచి, సమస్య ఇచ్చినవారు:
ఆటవెలది చివరి పాదమిది, దీనితో ముగిసేటట్టు ముందటి మూడు పాదాలు మీరు అల్లాలి. కూపకమంటే చిన్న బావి. బావి గాలికి ఎట్ల ఊగుతుంది? తోవ సంస్కృత నిఘంటువు అమరకోశంలో, నీళ్ల మాటలుండే వారివర్గంలో ఉన్నది. అక్కడ కూపకం, గుణవృక్షకం రెండూ తెరచాప కట్టే ఓడకంబానికి పేర్లు. ఓడ నడిపేవాడు నియామకుడు, సముద్ర వర్తకుడు సాంయాత్రికుడు, ఓడలోకి చేరిన నీళ్లు తోడిపోసేది సేకపాత్రం. తెరచాపల ఓడలు పోయినంక ఈ మాటలు నిఘంటువుల్లోనే మిగిలినయి. పద్యంలో పెడితేనే మళ్లా నోట్లో నానుతయి.

సముద్రం లేని ఊరివాళ్లకు ఇదెందుకనకండి. తుఫానుకు తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనుకటి రాజులు గుంజుకునేవారు. ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప మరేదీ తీసుకోనని 1244-45లో కోస్తాలోని మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించిన గణపతిదేవుడు ఏలింది మన ఓరుగల్లు నుంచే.

నర్సంపేట నుంచి:
మోటుపల్లి రేవు ముంగిట నోడలు
తెరలు విప్పి కదలె తిన్నగాను
చాప నిండ గాలి సరగున వీచగా
కూపకమ్ము గాలికూగసాగె

హన్మకొండ:
అక్కా, మొదటి పాదంతోనే రేవు కండ్ల ముందుకొచ్చింది. అయితే మూడో పాదంలో వీచిన గాలే నాలుగో పాదంలోనూ వచ్చి పునరుక్తి అయింది. “చాపలుబ్బినంత జలరాశి నడుమను” అని చూడండి. చా-జ యతి చెల్లుతుంది.

ములుగు నుంచి:
లక్నవరము చెరువు లాంచిలో మేమేగ
తీగవంతెనకడ తెరలు లేచె
దాని నడుమ గట్టి దారువుగా నిల్చు
కూపకమ్ము గాలికూగసాగె

హన్మకొండ:
తమ్ముడూ, గణాలు, యతులు సరిపోయినయి. “తెరలు” అలలకూ చాపలకూ పనికొచ్చే మాట, మంచిగ పడ్డది. కానీ లక్నవరం లాంచి ఇంజనుతో నడిచేది. చాప లేని పడవకు కూపకం ఎక్కడిది? ఛందస్సు ఒప్పినా వస్తువు ఒప్పలేదు. చెరువు వదలకుండా, పూర్వం చాపెత్తిన పడవను ఊహించి మళ్లా రాయి.

కరీంనగర్ నుంచి, క్రమాలంకారంలో (మూడు పాదాల ప్రశ్నలకు నాలుగో పాదంలో వరుసగా జవాబులు):
ఓడకంబమునకు నొక్క పేరేదియో?
చాప దేనికుబ్బె సంద్రమందు?
ఎగసిపడెడు నలల కేమయ్యె నావకు?
కూపకమ్ము, గాలికూగసాగె
గురువుగారూ, ‘గాలికి’, ‘ఊగసాగె’ అని విడదీసుకోవచ్చా?

హన్మకొండ:
నిస్సందేహంగా. షష్ఠి ‘కి’ ఏమ్యాదుల్లో (‘ఏమి’ మొదలైన మాటల జాబితాలో) ఉన్నది కాబట్టి ఇకారసంధి వైకల్పికం, అంటే చేసినా చేయకున్నా సరే. ఈ విరుపు సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు, చాలా సంతోషమైంది. ఒక్కటే సవరణ. “ఏమయ్యె” అని అడిగితే “ఊగసాగె” నేరుగా జవాబు కాదు. “కేమిచేసెను నావ” అనండి, గణాలు చెడవు.

నర్సంపేట:
సారూ, అన్నీ సంస్కృతం మాటలేనా? తెలుగులో ఓడల పేర్లు లేవా?

హన్మకొండ:
ఎందుకు లేవక్కా! శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు సరుకు తెప్పించేది కప్పలి, జోంగు, వల్లి వంటి వాటి మీదనే. ఒక్కో మాటకు ఒక్కో సమస్య కట్టాలని ఉన్నది.

ఇప్పటికైతే అమరకోశంలోనిదే ఇంకొకటి. చుక్కానికి కేనిపాతకమని పేరు. అందులో పాపమనే అర్థమున్న ‘పాతకం’ దాగి ఉన్నది చూడండి. మూడో పాదాన్ని “కేని” దగ్గర ఆపగలిగినవాళ్లకు దారి దొరుకుతుంది. వచ్చే వారం పాదం:

పాతకమ్ము నావ బాట జూపె