కొసకు మడత, మూలకు గాటు: ఈ రెండు మాటలకు తేడా ఉందా, లేదా?

గ్రూపులో అందరికీ నమస్తే. ఒక మాట మీద మా ఇంట్లో రెండు రోజులుగా పంచాయతీ నడుస్తోంది. తీర్పు మీరే చెప్పాలి.

మాది హన్మకొండ. పూజ పీట మీద వేయడానికి ఒక చిన్న బొంత కుడుతున్నాను. మామూలు నలుచదరమైతే ఈ పోస్టు ఉండేది కాదు. ముగ్గులో ఒక చదరం మీద ఇంకో చదరాన్ని తిప్పి వేస్తే ఎనిమిది కొనల చుక్క, అంటే నక్షత్రం, వస్తుంది చూడండి, అదీ నా బొంత ఆకారం. పైన పూల గుడ్డ, అడుగున పాత నూలు చీర, మధ్యలో పలచగా దూది. టాకాలు వేయడం, మూడు పొరలూ కలిపి కుట్టడం రెండు సాయంత్రాల్లో అయిపోయింది. చుట్టూ అంచుకు పట్టీ వేసే దగ్గర ఆగిపోయాను. బయటికి పొడుచుకొచ్చిన చోట పట్టీ బుద్ధిగా మడత పడుతోంది. లోపలికి వెళ్ళిన చోట మాత్రం గుడ్డ ఉబ్బుతోంది, ముడతలు పడుతోంది. మూడుసార్లు విప్పాను. విప్పిన చోట సూది చిల్లులు కనపడుతుంటే ఇంకో టెన్షన్.

అమ్మకు ఫోన్ చేశాను. అమ్మది పరకాల దగ్గర పల్లె. దబ్బనంతో బొంతలు కుట్టిన చెయ్యి. "మూలల కాడ పట్టీ కూసుంటలేదమ్మా" అన్నాను. ఆమె ముందు అడిగింది ఇదీ:

"మూలనా, కొసనా?"

"రెండు ఒకటే గదనే."

"ఒకటెట్లయితది బిడ్డా? కొసకు మడత వెయ్యాలె, మూలకు గాటు పెట్టాలె. ఏది ఏదో తెల్వకుంట కుడితే గట్లనే అయితది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న మా ఆయన అందుకున్నాడు: "దుప్పటికి నాలుగు మూలలు అంటాం కదా, అవన్నీ బయటికి ఉన్నవే కదా, మరి వాటిని కొసలనాలా?" అమ్మ సమాధానం చెప్పకుండా "పొయ్యి మీద పాలున్నయి" అని పెట్టేసింది. ఇప్పుడు నా సందేహం కుట్టు గురించి కాదు (అదీ ఉందనుకోండి). మూల, కొస అనే మాటలకు మన భాషలో నిజంగా ఈ తేడా ఉందా, లేక మా అమ్మ కుట్టుపనికి పెట్టుకున్న సొంత లెక్కా?

జనగామ నుంచి ఒక తెలుగు పంతులు:

మీ అమ్మగారికే నా ఓటు. మూల అనే మాట ఎక్కడెక్కడ వాడతామో ఒకసారి చెవిన వేసుకోండి. "పోయి ఆ మూలకు కూర్చో" అంటాం. పాత కుర్చీ మూలన పడుతుంది. చీపురు మూలకు పెడతాం. వంటగది ఫలానా మూల ఉండాలంటాడు వాస్తు చెప్పేవాడు. వీటన్నిటిలో మనిషో, వస్తువో లోపల ఉంది, రెండు గోడలు దాన్ని చుట్టుకొని ఉన్నాయి. ఇక కొస చూడండి: కొంగు కొస, నాలుక కొస, తోక కొస, తాడు కొస. అక్కడితో వస్తువు అయిపోతుంది, ఆ తర్వాత గాలే. లోపల ఇరుక్కునేది మూల, బయట అయిపోయేది కొస. పిల్లలు దాక్కునేది మూలకే, కొసకు ఎవరూ దాక్కోలేరు.

కరీంనగర్ నుంచి ఒకరు:

సార్, వినడానికి బాగుంది కానీ భాష అంత పద్ధతిగా నడవదు. ఆ అన్న చెప్పిన దుప్పటి నాలుగు మూలల సంగతి అట్లనే ఉండిపోయింది. ఇంకోటి, మూలమలుపు. రోడ్డు మీద మూలమలుపు అంటే లోపలి వైపా, బయటి వైపా? బండి నడిపేవాడికి రెండూ ఉంటాయి. ఇంటి గోడ బయటి మూలకు బండి గీసుకుపోయిందంటాం, "గోడ కొసకు గీసుకుపోయింది" అని నేనెప్పుడూ వినలేదు. మూల రెండిటికీ సరిపోతుంది. కొస అనేది వేరే సంగతి, అది సన్నగా పోయి ముగిసే చోటు.

నేనే మళ్ళీ:

కరీంనగర్ అన్నా, మీ మాటకు జవాబు వెతుక్కుంటూ ఉంటే రామప్ప గుర్తొచ్చింది. పాలంపేటలో 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది కదా. గుడి నిలబడింది ఆరడుగుల ఎత్తు అరుగు మీద, ఆ అరుగు నక్షత్రం ఆకారం. నా బొంతకు అన్న లాంటిది. చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్తే ఆ అరుగు చుట్టూ కింద పరుగెత్తే వాళ్ళం. రాయి లోపలికి పోయిన చోట నీడ ఉండేది, అక్కడ చెప్పులు దాచేవాళ్ళం. బయటికొచ్చిన చోట మోకాలు కొట్టుకొని ఏడ్చింది నేనే. చెప్పులు దాచిన చోటును "ఆ మూలకు" అనే చెప్పుకున్నాం. మోకాలు తగిలిన చోటును ఏమన్నామో గుర్తు చేసుకుంటే "అంచు తగిలింది" అన్నామే తప్ప మూల అనలేదు, కొసా అనలేదు. అంటే మీరిద్దరూ సగం సగం గెలిచినట్టు. లోపలిదానికి మూల గట్టిగా అతుక్కుంది, బయటిదానికి ఒక్క మాట ఖాయం కాలేదు: అంచు, కొస, కొన, మొన, చెరగు. సందర్భాన్ని బట్టి ఏదో ఒకటి. దుప్పటిది మాత్రం మూలే, ఒప్పుకుంటున్నా. మా ఆయనకు ఈ లైను చూపించను.

వరంగల్ చౌరస్తా దగ్గర టైలర్ షాపు నడిపే ఒక అన్న:

అక్కా, మాటల సంగతి మీరు తేల్చుకోండి, బొంత సంగతి నేను చెప్తా. మా ఉస్తాదు దీన్ని పట్టీ అనేవాడు కాదు, మగ్జీ అనేవాడు. రజాయికి మగ్జీ, అది ఉర్దూ మాట. ఇప్పుడు షాపులో పిల్లలకు పైపింగ్, బైండింగ్ అంటేనే అర్థమవుతుంది.

మీ అమ్మగారి మాట నూటికి నూరు కరెక్ట్. పొడుచుకొచ్చిన చోట బొంత అంచు చుట్టూ పట్టీ ఎక్కువ దూరం తిరగాలి, అందుకే అక్కడ మడతలో గుడ్డ ఎక్కువ ఇవ్వాలి. లోపలికి పోయిన చోట దూరం తగ్గిపోతుంది, గుడ్డ మిగిలిపోయి ఉబ్బుతుంది. అక్కడ బొంత అంచునే విప్పారేలా చేయాలి. విప్పారాలంటే గాటు పడాలి.

పావు అంగుళం కుట్టు వేసేటప్పుడు కొసకు పావు అంగుళం ముందు ఆపమని అందరూ చెప్తారు. అది నలుచదరం మూలకే. మీ చుక్కలో బయటి కొనలు 90 డిగ్రీలే కాబట్టి నడిచిపోయింది. ఆరు కొనల చుక్క కుడితే కొన 60 డిగ్రీలకు సన్నబడుతుంది, అక్కడ దాదాపు అర అంగుళం ముందే ఆగాలి. ఆరు పలకల బొంతకు 120 డిగ్రీలు, అక్కడ పావులో సగం కంటే కాస్త ఎక్కువ దూరంలో ఆగితే చాలు. లెక్కలెందుకు, రెండు పక్కలా పావు అంగుళం లోపలికి పెన్సిల్ గీతలు గీయండి, గీతలు కలిసే చోట సూది ఆపి రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంపండి. తర్వాత పట్టీని పైకి మడవండి. ఇక్కడ 45 డిగ్రీల మడత అని గుడ్డిగా వేయొద్దు. పైకి మడిచిన పట్టీ అంచు, తర్వాత కుట్టబోయే పక్క అంచు ఒకే గీతలో ఉండాలి, అంతే. అప్పుడు కిందికి మడిచి పై నుంచి కుట్టు మొదలుపెట్టండి. కొన మరీ సన్నదైతే దాని లోపలి దూది కాస్త గిల్లి తీసేయండి, లేకపోతే తిప్పాక బటాణీ గింజ దాచినట్టు ఉంటుంది.

లోపలి మూలకు: ముందు గీత మీద సన్న కుట్టు ఒకటి వేసుకోండి. తర్వాత కత్తెర కొసతో గాటు, ఆ కుట్టుకు ఒక పోగు దూరం వరకే. పట్టీ కుడుతూ మూల దాకా వచ్చాక సూదిని గుడ్డలోనే దించి ఉంచి, మిషన్ పాదం ఎత్తి, బొంత రెండు పక్కలనూ ఒకే గీతగా లాగండి. గాటు నోరు తెరుస్తుంది. పాదం దించి నేరుగా కుట్టుకుంటూ పోండి. పట్టీ వెనక్కి తిప్పినప్పుడు మూలలో దానంతట అదే చిన్న మడత పడుతుంది, దాన్ని చేత్తో తుర్పాయి చేయండి. పట్టీని మాత్రం క్రాస్‌లో కత్తిరించండి అక్కా, నిలువు గుడ్డతో లోపలి మూల మొండికేస్తుంది.

కొత్తవాడ నుంచి ఒకరు:

క్రాస్ అనే మాట వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా. మాది దర్రీలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) నేసే ఇల్లు. (2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, చెప్పుకోకపోతే మా నాయన ఊరుకోడు.) దర్రీకి మీ పట్టీలూ గిట్టీలూ ఉండవు, పడుగు (నిలువు పోగుల) కొసలు ముడివేస్తాం, అయిపోయింది. కానీ క్రాస్‌కు మంచి తెలుగు మాట ఉంది: ఐమూల. తువ్వాలను ఐమూలగా మడిచి తలకు కట్టుకుంటాం. గుడ్డను పడుగు వెంట లాగండి, సాగదు. పేక (అడ్డం పోగుల) వెంట లాగండి, పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే పోగులు ఒకదాని మీద ఒకటి జరిగి గుడ్డ రబ్బరులా వస్తుంది. ఆ అన్న క్రాస్ పట్టీ అన్నది ఐమూల పట్టీయే. క్రాస్ అంటే అడ్డం అనుకొని అడ్డంగా కత్తిరించుకొచ్చిన పిల్లలను నేను చూశాను. ఐమూల అంటే ఆ పొరపాటు జరగదు.

జనగామ పంతులు:

చూశారా, ఐమూలలోనూ మూల బయటి కొననే పట్టుకుంది, ఈ కొన నుంచి ఎదురు కొనకు. కరీంనగర్ వారికి ఒక మార్కు. అయితే చదరానికి నాలుగే ఉంటే ఐమూల ఎందుకయిందో అని పిల్లలు అడుగుతారు, వాళ్ళను నేను ఆ కొత్తవాడ వారింటికి పంపిస్తా.

ఇంకొకరు:

మధ్యలో దూరుతున్నా, తిట్టకండి. "గంతకు తగ్గ బొంత" అనే సామెతలో గంత అంటే చాలా ఏళ్ళు నేను మన తెలంగాణ "గంత" అనే అనుకున్నా, అంతకు తగ్గ బొంత అని. డిగ్రీలో మా సారు ముందు ధైర్యంగా అర్థం చెప్పేశాను కూడా.

నేనే మళ్ళీ:

గంత సంగతికి వేరే పోస్టు పెట్టండి దయచేసి, గంత ఓపిక నాకిప్పుడు లేదు.

అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. రామప్ప దగ్గర, బటాణీ గింజ దగ్గర నవ్వింది. దుప్పటి మూలల గురించి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది: "దుప్పటి పరిస్తే మంచం మూలలకు పోతది గదా, అందుకే మూలలు. మంచం మీదికెళ్ళి తీసి దులిపేటప్పుడు 'ఆ కొస పట్టుకో' అనలే నేను?" అన్నది. నిజమే, అన్నది. ఇద్దరం కలిసి దుప్పటి మడిచిన ప్రతిసారీ అన్నది. పరిచినప్పుడు మూల, చేతిలోకి వచ్చాక కొస. ఇది నియమం అని నేను చెప్పను, కరీంనగర్ అన్న ఊరుకోడు. మా ఇంటి వరకు మాత్రం పంచాయతీ తెగింది.

బొంత సంగతి: ఐమూల పట్టీ రెండుంపావు అంగుళాల వెడల్పున కత్తిరించి, సగానికి మడిచి ఇస్త్రీ చేశాను. ఎనిమిది కొసలు, ఎనిమిది మూలలు. ఆరు మూలలు టైలర్ అన్న చెప్పినట్టే నోరు తెరిచి, మళ్ళీ చక్కగా మూసుకున్నాయి. ఏడో మూల దగ్గర కరెంటు పోయి వచ్చింది, ఆ తొందరలో కత్తెర ఒక పోగు ఆగాల్సింది గీత దాటింది. వెనక నుంచి చిటికెనవేలి గోరంత అతుకు వేసి, దాని మీదుగా పట్టీ తిప్పేశాను. పై నుంచి చూస్తే తెలియదు. అమ్మ వచ్చే ఆదివారం వస్తుంది, ఆమె బొంతను ఎప్పుడూ ముందు తిరగేసి చూస్తుంది.