‘స్యాత్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఆదివారాలు నలుగురం కూర్చుని జైన తార్కికుడు సమంతభద్రుడి సంస్కృత గ్రంథం ఆప్తమీమాంస చదువుకుంటున్నాం. నాగరి లిపిలోని శ్లోకాలను తెలుగు లిపిలోకి ఎత్తి రాసి, కింద తాత్పర్యం చేర్చడం నా వంతు. ‘స్యాదస్తి’ (స్యాత్ + అస్తి, ‘ఉంది’) అన్నచోట ‘బహుశా ఉండవచ్చు’ అని రాశాను. ‘స్యాత్’ అంటే ‘ఉండు’ అనే అర్థమున్న అస్ ధాతువుకు విధిలిఙ్ రూపమే (‘కావచ్చు, కావాలి’ అనే అర్థమిచ్చే క్రియారూపమే) కదా! మా బృందంలోని పెద్దాయన ఆ మాట కొట్టివేసి, ‘పద్నాలుగు, పదిహేను శ్లోకాలు మళ్లీ చదువమ్మా’ అన్నారు. చదివినా నా సందేహం తీరలేదు. ‘బహుశా’లో తప్పేమిటి?

జవాబు: అమ్మా, ఆయన సరిగ్గానే కొట్టివేశారు. పదిహేనో శ్లోకం ఇది:

సదేవ సర్వం కో నేచ్ఛేత్ స్వరూపాదిచతుష్టయాత్
అసదేవ విపర్యాసాన్న చేన్న వ్యవతిష్ఠతే

రెండు పంక్తుల మొదట్లోనూ ఉన్న ‘ఏవ’ చూడండి. తెలుగులో అవధారణార్థకమైన (ఖాయం చేసి చెప్పే) ‘ఏ’ చేసే పని అదే. ‘ఉన్నది’ వేరు, ‘ఉన్నదే’ వేరు. తన ద్రవ్యం, క్షేత్రం, కాలం, భావం దృష్ట్యా ప్రతి వస్తువూ ఉన్నదే. పరాయి వాటి దృష్ట్యా లేనిదే. జైన పండితుడు మల్లిషేణుడు స్యాద్వాదమంజరి అనే తన వ్యాఖ్యలో కుండనే ఉదాహరణగా తీసుకుంటాడు: మట్టిదిగా ఉంది, నీటిదిగా లేదు; పాటలీపుత్రంలోనిదిగా ఉంది, కన్యాకుబ్జంలోనిదిగా లేదు. మీరు విశాఖ, విజయనగరం అని మార్చుకోండి. మీ ఇంట్లోని కుండ విశాఖలో ఉన్నదే, విజయనగరంలో లేనిదే. ఇందులో అనుమానానికి చోటెక్కడుంది? ‘బహుశా కుండ ఉన్నదే’ అని ఒకసారి పైకి చదవండి. తెలుగు వాక్యమే ఒప్పుకోదు.

ఇక విధిలిఙ్ మాట. ఇక్కడి ‘స్యాత్’ క్రియ కాదు, క్రియలా కనిపించే నిపాతం, అంటే రూపం మారని అవ్యయం. సమంతభద్రుడే మరోచోట ‘స్యాన్నిపాతః’ అన్నాడు. పాలిచ్చే ఆవును ‘అస్తిక్షీరా గౌః’ అన్నప్పుడు ‘అస్తి’ ఎలా అవ్యయమో ఇదీ అంతే. జైనులు చెప్పే ఐదు ద్రవ్యాల పేరైన ‘పంచాస్తికాయా’ల్లోని ‘అస్తి’ని కూడా అలాగే చెబుతారు. పద్నాలుగో శ్లోకంలోనైతే కవి ‘స్యాత్’ బదులు ‘కథంచిత్’ (ఒక విధంగా) వాడాడు: ‘కథంచిత్ తే సదేవేష్టం కథంచిదసదేవ తత్’. గ్రంథకర్త స్వయంగా పర్యాయపదం ఇచ్చాక మనం నిఘంటువు దాకా పోనక్కరలేదు.

మరొకరు: ఈ అనుమానపు అర్థం వెనక పాత వాదమూ ఉంది. బ్రహ్మసూత్రాల్లో ‘నైకస్మిన్నసంభవాత్’ (2.2.33) దగ్గర శంకరులు, ఇలా నిర్ధారణ లేని జ్ఞానం సంశయజ్ఞానంలా అప్రమాణమే అవుతుందని ఆక్షేపించారు. మన ప్రాంతంలో స్యాద్వాదం (ప్రతి మాటా ‘స్యాత్’తో, ఒక దృష్టికి లోబడి చెప్పాలనే జైన సిద్ధాంతం) గురించి చాలామంది వినేది ఆ భాష్యం ద్వారానే. ప్రతిపక్షి చేసిన ఆక్షేపణను అనువాదంలోకి అర్థంగా తెచ్చుకుంటే జైనులకు అన్యాయం చేసినట్టే. పక్కనే రామతీర్థం కొండ మీద జైన విగ్రహాలు పెట్టుకున్న మనం అంత మాత్రం జాగ్రత్త పడాలి.

మళ్లీ అడిగినవారు: ‘ఏ’ గురించి చెప్పింది మనసుకు పట్టింది. ఇంకొక్కటి. పదిహేనో శ్లోకంలో ‘స్యాత్’ లేనే లేదు. అర్థం తేటపడేందుకు మూలంలోనే కుండలీకరణాల్లో చేర్చనా?

జవాబు: మూలంలో వద్దు, దయచేసి. వాడకపోయినా ‘స్యాత్’ అర్థాన్నిబట్టి అంతటా తెలుస్తుందని ఆప్తమీమాంసకు వ్యాఖ్య రాసిన అకలంకుడే అన్నాడు. కనుక లేనిచోట లేకపోవడం లేఖకుడి దోషం కాదు. తాత్పర్యంలో ఎంతైనా విప్పి చెప్పండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. జైన తర్కగ్రంథాల్లో కొన్నింటికి మూలం పోయి వ్యాఖ్య మాత్రమే మిగిలింది. అకలంకుడి సిద్ధివినిశ్చయాన్ని పండిత మహేంద్రకుమార్ అనంతవీర్యుడి టీకలోనుంచి ఒక్కొక్క మాటా ఏరి కూర్చారు. అది 1959లో అచ్చయింది. మరో జైన తార్కికుడు మల్లవాది నయచక్రానికీ అదే గతి. సింహసూరి వ్యాఖ్యలో ఎత్తి చూపిన ప్రతీకలే (మూలంలోని మాటల తునకలే) ఆధారం. అందులో ఖండించిన బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి సంస్కృత గ్రంథాలు దొరకక, టిబెటన్ అనువాదాలతో పోల్చడానికి ముని జంబూవిజయజీ టిబెటన్ భాషే నేర్చుకున్నారు. 1966లో మొదటి భాగం వెలువడింది. వ్యాఖ్యాత మాట ఏది, మూలకారుడి మాట ఏది అని తేల్చడానికి వాళ్లు అంత శ్రమపడ్డారు. అలాంటి పాఠంలోకి మన మాట ఒకటి చొరబడితే, రేపు ఎత్తి రాసుకునేవారు కుండలీకరణాలు వదిలేస్తారు. అప్పుడది పాఠాంతరమై కూర్చుంటుంది.

మరొకరు: అనువాదానికి ‘ఒక లెక్కన’ బాగుంటుందా? వాడుకలో ఉన్న మాట.

జవాబు: నాకూ ఇష్టమైన మాటే. అయితే ‘ఒక లెక్కన అదీ నిజమే’ అన్నప్పుడు సగం మనసుతో ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. ‘ఒక విధంగా చూస్తే’ అనండి, చివర ‘ఏ’ మాత్రం వదలకండి.

అడిగినవారు: ‘ఒక విధంగా చూస్తే ఉన్నదే, ఒక విధంగా చూస్తే లేనిదే.’ ఇలా మార్చాను. మూలంలో ఒక్క అక్షరమూ చేర్చలేదు. ఈ ఆదివారం పెద్దాయనకు చూపిస్తాను.