ఏడాది మైల పట్టే ఇంట్లో దుఃఖం ఎప్పుడు రుగ్మత అవుతుంది?

బెంగళూరులో తెలుగు కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసేవాళ్ళు ఈ సందేహం తీర్చగలరా? దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం, మనిషి పోయాక కనీసం 6 నెలలు దాటాలి. అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథం, 2022 నాటి డీఎస్ఎం-5-టీఆర్‌లో పెద్దవాళ్ళకు 12 నెలలు. పైగా రెండూ, దుఃఖం ఆ సంస్కృతిలో మామూలుగా ఉండేదాన్ని మించాలంటాయి.

మన ఇళ్ళలో సంవత్సరీకం దాకా పండగ చేయరు, పెళ్ళిళ్ళకు వెళ్ళరు, నెలనెలా మాసికం పెడతారు. దాన్ని లక్షణంగా రాసేస్తే పొరపాటే. భర్త పోయిన ఆవిడ మాసికానికి వంట చేయగలుగుతోందా, పిల్లల్ని బడికి పంపుతోందా, పోయినాయన గది తలుపు తీయడానికే వణికిపోతోందా అన్నది ముఖ్యం.

అయినవాళ్ళు పోయిన 8వ నెలలో మీ దగ్గరికి వచ్చిన మనిషికి మీరు ఏ నిర్ధారణ రాస్తారు? దీన్ని డిప్రెషన్ నుంచి విడదీయడానికి ఏ ప్రశ్నలు, తెలుగులో ఏ మాటలతో అడుగుతారు?